గాలిగుడి

తెలుగులో 'కార్చిచ్చు', 'కారుమబ్బు' అనే మాటలు రెండూ ఒకే ధ్వనితో మొదలవుతాయి. మొదటిదానిలోని 'కారు' అడవిని, రెండవదానిలోని 'కారు' నలుపును తెలుపుతుంది. ఒకటి అడవిని దహించేది, మరొకటి ఆ దాహాన్ని తీర్చేది. కావ్యలోకంలో ఈ రెండింటికీ వైరం సహజం. దావానలం రగిలిన చోట మేఘుడు కరుణిస్తే చిచ్చు చల్లారుతుంది. కాని ప్రకృతిలో మబ్బుకూ మంటకూ ఉన్న సంబంధం ఇంత సరళం కాదు. ఆకాశంలో కనిపించే ప్రతి మబ్బూ నీటిని మోసుకొని రాదు. కొన్ని మబ్బులు వానను గాక గాలిని వెంటబెట్టుకొని వస్తాయి. వేసవిలో కొండ కింద బ్రతికే మనిషికి ఈ తేడా తెలియడం విజ్ఞానశాస్త్ర విషయం మాత్రమే కాదు, ప్రాణావసరం.

అనకాపల్లి జిల్లాలోని నాతవరం మండలం అటువంటి కొండ కింది నేల. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. ఒకవైపు తూర్పు కనుమల మన్యపు వాలులు, మరొకవైపు మైదానపు పంటపొలాలు, ఆ రెండింటి నడుమ తాండవ జలాశయం. కొండవాలులలో ఆకు రాల్చే చెట్లు, వెదురుపొదలు ఉన్నాయి. వాటిని ఆనుకొని జీడిమామిడి తోటలున్నాయి. శిశిరంలో రాలిన ఆకు ఎవరూ ఊడ్చేది కాదు. మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి అది చీలమండలోతు పరుపవుతుంది. చైత్రవైశాఖాలలో ఆ పరుపు మీద కాలు మోపితే కరకరమని పలుకుతుంది. మంటకు కావలసిన సరంజామా అంతా అక్కడ సిద్ధంగా ఉంటుంది. కావలసినదల్లా ఒక నిప్పురవ్వ.

ఆ నిప్పురవ్వ మన దేశంలో ఆకాశం నుంచి పడేది తక్కువ, మనిషి చేతి నుంచి జారేది ఎక్కువ. ఇప్పపూవు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేసేవారు, తునికాకు బాగా చిగురించాలని పొదలు కాల్చేవారు, పశువులకు లేతగడ్డి రావాలని ఎండుగడ్డి అంటించేవారు, తోటలో చెత్త తగలబెట్టేవారు, చివరికి దారిన పోతూ ఆరని చుట్టముక్క విసిరేవారు, వీరందరూ ఇందులో భాగస్వాములే. కాని కొండ కాలిందనగానే వేలు పోడు రైతు వైపు చూపడం పట్టణవాసులకు అలవాటైంది. ఇది సగం నిజం మాత్రమే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు విధించినప్పటి నుంచి ఈ నింద ఉన్నది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరుగబడడానికి ఉన్న కారణాలలో ఆ ఆంక్షలు కూడ ఒకటి. నాడు దాడికి గురైన పోలీసు స్టేషన్లలో ఒకటి నాతవరానికి సమీపంలోని కృష్ణదేవిపేటలోనిదే. తరతరాలుగా నిప్పుతో వ్యవసాయం చేసినవారికి నిప్పు స్వభావం తెలియదనుకోవడం అవివేకం.

నిప్పు పెట్టినది ఎవరన్న ప్రశ్నకు విలువ లేదని కాదు. అయితే దానికంటె లోతైన ప్రశ్న మరొకటి ఉంది. అదే చేయి, అదే అగ్గిపుల్ల, అదే కొండ. ఒకనాడు ఆ మంట గుప్పెడు ఆకులు కాల్చి తనంతట తానే ఆరిపోతుంది. మరొకనాడు రాత్రికి రాత్రి కొండ శిఖరాన్ని అందుకుంటుంది. ఎందువలన?

సమాధానం వాతావరణంలో ఉంది. ఎండుటాకు, గడ్డి వంటి సన్నని సరకు గాలిలోని తేమను గంటల వ్యవధిలోనే పీల్చుకుంటుంది, అంతే త్వరగా వదులుతుంది. ఉదయం మంచు తగిలి మెత్తబడిన ఆకు మధ్యాహ్నానికి కాగితంలా మారుతుంది. కోస్తా మండలాలకు ఈ విషయంలో సముద్రుడే రక్షకుడు. బంగాళాఖాతం నుంచి వీచే గాలి తేమను తెస్తుంది. పడమటి నుంచి, అంటే నేల మీదుగా, పొడిగాలి బలంగా వీచిన రోజులలో సముద్రపు గాలి లోపలికి రాలేక ఆగిపోతుంది. వడగాడ్పులు పుట్టేది అటువంటి రోజులలోనే. మనిషికి వడదెబ్బ తగిలే రోజు అడవికి కూడ ప్రమాదకరమైన రోజు. ఇక కొండవాలు సంగతి. మంట ఎగువకు పాకేటప్పుడు తన ముందున్న సరకును ముందే వేడిచేసి ఎండబెట్టుకుంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియా అగ్నిమాపక దళాలు లెక్క కడతాయి. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో విహారానికి వెళ్లిన బృందాలు ఇటువంటి మంటలో చిక్కుకున్నాయి. ఎండుగడ్డి, నిటారు వాలు, గాలి కలిసిన చోట 20 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది యువతీయువకులు.

ఇటువంటి ఎండరోజులలో మనిషి చూపు సహజంగా ఆకాశం వైపు మళ్లుతుంది. అక్కడ ఒక తెల్లని పొర కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది. మబ్బు పట్టింది, నేడో రేపో చినుకు పడుతుంది, ఈలోగా తోట శుభ్రం చేసి చెత్త అంటించుకుంటే పని అయిపోతుంది అనుకోవడం మానవ సహజం. ఈ ఊహలోనే పొరపాటు ఉంది.

మేఘాలన్నీ ఒక జాతివి కావు. 1802లో లండన్ నగరానికి చెందిన ల్యూక్ హోవార్డ్ అనే ఔషధ వ్యాపారి మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టి వర్గీకరించాడు. వృత్తి మందులు, ప్రవృత్తి మబ్బులు! అన్నింటికంటె ఎత్తున ఉండే దూదిపోగుల వంటి మబ్బును అతడు సిర్రస్ అన్నాడు. ఆ లాటిన్ మాటకు ముంగురులు అని అర్థం. ఆకాశలలాటం మీద చెదరిన కురులను చూసిన ఆ కన్ను కవిదే. ఇవి పొరగా పరచుకుంటే సిర్రోస్ట్రాటస్, చిన్న చిన్న గింజలుగా విడివడితే సిర్రోక్యుములస్. ఉష్ణమండలంలో ఇవి దాదాపు 6 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంత ఎత్తున నీరు నీరుగా ఉండదు. ఇవి మంచుపలుకుల మబ్బులు. వాటి నుంచి జారే పలుకులు దారిలోనే ఆవిరైపోతాయి. కనిపించే తెల్లని తోకలు ఆ జారుడు గుర్తులే. నేలకు ఒక్క చుక్క చేరదు.

వాన పుట్టినా నేలకు చేరకపోవడం వింతగా తోచవచ్చు. కాని భారతం చదివినవారికి ఇది కొత్త కాదు. ఆదిపర్వంలోని ఖాండవదహన ఘట్టంలో ఇంద్రుడు మేఘాలను పంపి వర్షం కురిపిస్తాడు. ఆ ధారలు అగ్ని వేడికి ఆకాశంలోనే ఇంకిపోతాయి. అర్జునుని బాణాలపందిరి మనకు గుర్తుంటుంది గాని, దానికి ముందు జరిగిన ఈ చిన్న సంగతి గుర్తుండదు. కింది గాలి మిక్కిలి వేడిగా, పొడిగా ఉన్నప్పుడు మబ్బు నుంచి దిగిన ధార నడిమింటనే ఆరిపోవడం నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు కూడ నిత్యం గమనించే విషయమే. వేసవి ఆకాశంలో మబ్బు అడుగున వేలాడే బూడిదరంగు జాలరులు అవే.

ఎత్తైన పలుచని మబ్బు సూర్యచంద్రులను కప్పినప్పుడు చుట్టూ వలయం ఏర్పడుతుంది. సంస్కృతంలో దీనిని పరివేషం అన్నారు. క్రీస్తుశకం 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. తెలుగువారు దానిని 'గుడి' అన్నారు. గుడి కట్టింది అనడం నేటికీ పల్లెలలో వినిపిస్తుంది. విశేషమేమంటే నిఘంటువులలో దీనికి రెండు పేర్లున్నాయి. ఒకటి వరదగుడి, మరొకటి గాలిగుడి. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అన్న సామెత వరదగుడిని గురించినది. ఇందులో వాస్తవం లేకపోలేదు. దగ్గరగా కట్టే చిన్న వలయం సన్నని నీటితుంపరల మబ్బు వలన కలుగుతుంది. దూరంగా 22 డిగ్రీల కోణంలో కట్టే పెద్ద వలయం మంచుపలుకుల మబ్బు వలన కలుగుతుంది. వానకాలంలోను, తుపానుల ఋతువులోను ఈ పెద్ద గుడి రాబోయే వానకు ముందస్తు కబురు కావచ్చు.

కాని ఫాల్గుణ చైత్రాలలో? చలిదేశాల పాఠ్యగ్రంథాలు సిర్రోస్ట్రాటస్ మబ్బు తరువాత ఒకటి రెండు రోజులలో వాన వస్తుందని చెబుతాయి. ఆ దేశాలలో వెచ్చని గాలి చల్లని గాలి మీదికి ఎగబ్రాకే తీరునుబట్టి చేసిన నిర్ణయమది. దానిని యథాతథంగా తెచ్చి తూర్పు కనుమలకు అంటగట్టడం తగదు. వేసవి మొదటి నెలలలో ఇక్కడి ఎత్తైన మబ్బు చాలావరకు పడమటి నుంచి మహావేగంతో వీచే పైగాలుల వెంట కొట్టుకొనివచ్చేది. దానికీ కింద ఉన్న ఎండుటాకుకూ ఏ సంబంధమూ లేదు. పైన మంచు, కింద నిప్పు. ఆ మబ్బు ఎండను సైతం పెద్దగా అడ్డుకోదు.

పైగా అది రాత్రివేళ మరొక అపకారం చేస్తుంది. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదులుకొని చల్లబడుతుంది. గాలిలో తేమ నిష్పత్తి పెరుగుతుంది, ఆకు మెత్తబడుతుంది, మంట మందగిస్తుంది. కార్చిచ్చుకు రాత్రి నిద్రవేళ అని చెప్పవచ్చు. ఎత్తైన మబ్బు దుప్పటిలా కప్పినప్పుడు నేల వేడి పూర్తిగా పైకి పోదు. ఆకుకు రావలసిన తేమ కొంత తగ్గుతుంది. తెల్లవారేసరికి ఆరిపోవలసిన మొద్దు ఇంకా కనకనలాడుతుంటుంది.

అయినా ఈ పలుచని పొర కంటె అపాయకరమైనది మరొకటున్నది. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం దాటిన తరువాత కనుమల మీద గోపురంలా లేచే క్యుములోనింబస్ మేఘాలను ఈ ప్రాంతంలో అందరూ చూసి ఉంటారు. ఆ గోపురం శిఖరం పైగాలికి వంగి కమ్మరి దాగలిలా చదునుగా ఒకవైపు సాగుతుంది. ఆ సాగిన భాగం కూడ మంచుపలుకుల మబ్బే. అది గోపురానికి చాలా ముందుగా వచ్చి తల మీద నీడ పరుస్తుంది. చల్లగా ఉందని మనిషి సంతోషిస్తాడు. ఆ నీడకు అర్థం వేరు. గోపురం నుంచి కురిసే వాన పొడిగాలిలో ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ధడాలున కిందికి పడి, నేలను తాకి, నలువైపులకూ పరుగెత్తుతుంది. దీనినే ఈదురుగాలి అంటారు. ఇది చినుకు కంటె ఎన్నో కిలోమీటర్లు ముందుంటుంది. అంతవరకు సముద్రం వైపు నుంచి మెల్లగా వీచిన గాలి ఒక్క నిమిషంలో కొండల వైపు నుంచి విసురుగా తిరుగుతుంది. మంట తీరు అప్పుడు చూడాలి. కొండ ఎక్కుతున్న మంట పక్కకు తిరుగుతుంది. పొడుగ్గా సాగిన మంట పక్కభాగం ఒక్కసారిగా ముఖమవుతుంది. దానిని ఆర్పడానికి ఆ పక్కనే నిలిచినవారు దాని దారిలో ఉన్నవారవుతారు.

2013 జూన్ 30న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం యార్నెల్ కొండ వద్ద జరిగినది ఇదే. ఉరుముమబ్బు నుంచి వెలువడిన గాలి మంటను మళ్లించగా, సుశిక్షితులైన 19 మంది అగ్నిమాపక యోధులు దానిలో చిక్కి మరణించారు. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 173 మందిని బలిగొన్న కార్చిచ్చులలో కూడ సాయంకాలం గాలి దిశ మారడం మంటల పక్కభాగాలను ముఖాలుగా మార్చి విధ్వంసాన్ని పెంచింది. అక్కడ మారినది ఉరుముమబ్బు గాలి కాదు, సముద్రం మీదుగా వచ్చిన చల్లగాలి. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. నాతవరం కొండలను విక్టోరియా అడవులతో పోల్చడం అతిశయోక్తి అనవచ్చు. నిజమే, ఇక్కడి మంట ఎక్కువగా నేలమీది ఆకును కాలుస్తూ పాకేది, చెట్ల తలలు అందుకొనేది కాదు. అయితే మంటను ఆర్పడానికి ఇక్కడ పచ్చికొమ్మ పట్టుకొని వెళ్లే మనిషికి ఆ 19 మందికి ఉన్న శిక్షణ కాని, కవచం కాని లేవు.

మంటకు మబ్బు మీద ప్రభావం లేదని కూడ అనుకోరాదు. మేఘంలో ధూమానికి భాగమున్నదన్న భావన కాళిదాసు మేఘసందేశంలోనే కనిపిస్తుంది. నీటియావిరి పట్టుకొని కూడడానికి ఒక రేణువు కావాలి, పొగ ఆ రేణువులను సమృద్ధిగా ఇస్తుంది. మహాకార్చిచ్చు పొగ పదికిలోమీటర్ల పైకెగసి, తానే ఉరుముమబ్బుగా మారి, మెరుపులతో కొత్త మంటలను పుట్టించడం 2019–20 వేసవిలో ఆస్ట్రేలియా చూసింది. మహాకవి ఊహించినది విరహి పక్షాన రాయబారం నడిపే మేఘాన్ని. అగ్ని పక్షాన నడిచే మేఘం ఉంటుందని ఆయనకు తోచలేదు.

ఆకాశం నుంచి మంటలను కనిపెట్టే ఉపగ్రహాలున్నప్పుడు ఇంత చింత ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటల ఆచూకీ రాష్ట్రాలకు తెలుపుతున్నది. పేరు నమోదు చేసుకున్న సామాన్య పౌరుని సెల్‌ఫోనుకు కూడ ఆ సందేశం వస్తుంది. ఇది గొప్ప సదుపాయం. కాని ఆ ఉపగ్రహాలు కొండను కాపలా కాయవు. రోజుకు కొన్నిసార్లు దాని మీదుగా వెళ్లిపోతాయి. వెళ్లే వేళకు దట్టమైన మబ్బు అడ్డుగా ఉంటే మంట వేడి వాటి కంటికి చేరదు. పలుచని మబ్బు సైతం ఆ వేడిని మసకబరచగలదు. ఎత్తైన మబ్బు కమ్మిన రోజున సందేశం రాకపోవడాన్ని మంట లేదనడానికి సాక్ష్యంగా తీసుకోరాదు. ఆనాడు కొండ వైపు చూసే మనిషి కన్నే ఆధారం.

కనుక వేసవిలో చేయవలసినది నిషేధపు బోర్డు పాతి ఊరుకోవడం కాదు. ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో ఎంత ఎండ కాయబోతున్నదో, ఎక్కడ వడగాడ్పులు వీయబోతున్నవో ముందుగా ప్రకటిస్తున్నది. నాతవరంలోని రైతు తన మండలం పేరు ఆ జాబితాలో చూసుకోగలుగుతున్నాడు. అదే తీరున ఆనాటి గాలి ఏ దిక్కు నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి తేమ ఎంతకు పడిపోతుంది, సాయంత్రం ఉరుముమబ్బు లేచే అవకాశం ఉన్నదా అన్న మూడు ముక్కలు తేట తెలుగులో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదికి రావాలి. తోటలో చెత్త కాల్చుకోక తప్పనివారికి కాల్చవద్దని చెప్పడం తేలిక. ఏ రోజు కాల్చరాదో చెప్పడం కష్టం, ఉపయోగకరం కూడ అదే. పైన ముంగురులమబ్బు, కింద పడమటి పొడిగాలి ఉన్న రోజు కాల్చరాదు. కనుమల మీద దాగలిమబ్బు లేచిన రోజు కాల్చరాదు, అంతకుముందే అంటుకున్న మంట ఉంటే దాని పక్కన నిలువరాదు, కాలిపోయిన నల్లనేల మీదికి తప్పుకోవాలి.

రైతులకు ఇవన్నీ తెలియనివా అని కొందరు అడుగుతారు. చాలా తెలుసు. గాలిగుడి అన్న మాటను పుట్టించినది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. ఆ మాట తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు, దాని స్థానంలో మరొకటి రాలేదు. బడిలో పిల్లవాడు సిర్రస్ అన్న పేరును పరీక్ష కోసం వల్లిస్తాడు, ఇంటికి వచ్చి తల పైకెత్తడు. తాతకు ఆకాశం తెలుసు, పుస్తకం తెలియదు. మనుమనికి పుస్తకం తెలుసు, ఆకాశం తెలియదు. ఈ ఇద్దరూ ఒక సాయంత్రం కలిసి కూర్చుంటే చాలు.

ఈ విషయం కొండవాసులది మాత్రమే అని మైదానంలోనివారు అనుకోరాదు. తాండవ జలాశయం కింద అనకాపల్లి, కాకినాడ జిల్లాలలో సుమారు 50 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. ఆ నీరు పుట్టేది ఈ వాలులలోనే. నేలను కప్పిన ఆకుపరుపు కాలిపోయిన కొండ మీద తొలకరి కురిస్తే నీరు ఇంకదు. బూడిదను, మన్నును కలుపుకొని పరుగున దిగి జలాశయం అడుగున పేరుకుంటుంది. ఏటికేడు ఆ మేట ఎంత పెరిగితే, నీరు నిలిచే చోటు అంత తరుగుతుంది. తునికి ఆవలనున్న పొలంలో నారు పోసుకొని కాలువ నీటి కోసం ఎదురుచూసే రైతు ఆ కొండలను ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం అక్కడ ఎవరో గుడి కట్టిన సూర్యుణ్ణి చూసి, వాన వస్తుందని నమ్మి, అగ్గిపుల్ల గీసిన సంగతి అతనికి చేరేది జూలైలో, కాలువ చివర.